వృత్తమునకు వృత్తమే సాక్షి



పంచాంగము చూచు అలవాటుగల పెద్దలకు రాశి, భాగ, కళ, వికళ యను మాటలు క్రొత్తవి కావు. ఆకాశచక్రమునకు 12 రాశులు. రాశికి 30 భాగలు. భాగకు 60 కళలు. కళకు 60 వికళలు. లెక్కించి చూచినచో చక్రమొకటికి 12,96,000 వికళలు వచ్చును. ఇప్పటి బడులలో భాగను డిగ్రీ యనియు, కళను నిమిషమనియు, వికళను సెకండనియు చెప్పుదురు. పేర్లు మారినవి గాని లెక్క మారలేదు.

నోటితో ఈ విభాగము చేయుట సులభము. ఇత్తడి చక్రముమీద చేయుట అట్టిది కాదు. వికళ యెంతటిదో చెప్పెదను. మీరు నిలుచున్న చోటికి ఒక కిలోమీటరు దూరమున ఒక జొన్నగింజ నుంచినచో, ఆ గింజ మీ కంటివద్ద చేయు కోణము రమారమి ఒక వికళ. అదే కోణమును మూడడుగుల అడ్డుకొలతగల చక్రపు అంచుమీద గుర్తింపవలెనన్నచో, రెండు గీతల నడుమ వెండ్రుక మందములో ముప్పదవ వంతు ఎడము మాత్రమే యుండును. గీయువాని చేయి వణకరాదనుట అటుండనిండు. గీసిన గీత సరియైనదో కాదో చెప్పువా డెవడు? ఒక గజముబద్దను మఱియొక గజముబద్దతో పోల్చి చూడవచ్చును. లోపములేని చక్రము లోకమున ఒక్కటియు లేనప్పుడు చక్రమును దేనితో పోల్చవలెను?

ఈ ప్రశ్నకు జవాబు వెదకిన కొందఱు పనివాండ్ర చరిత్రను నేడు చెప్పదలచితిని. నేను ముప్పది యేండ్లకు పైగా కార్ఖానాలలో తిరుగుడు బల్లలను సరిచేయు పనిలో నుంటిని. లోహమును తొలుచు యంత్రముమీద పనిముక్కను కోరినంత కోణము త్రిప్పి నిలుపు ఇనుప పీఠమే తిరుగుడు బల్ల. పనివారు దీనిని రోటరీ టేబుల్ అందురు. మీ యిండ్ల బిడ్డలు పలువురు నేడు ఇట్టి యంత్రములయొద్ద నిలుచుచున్నారు. బల్ల తప్పిన యెడల నింద మొదట ఎవరిమీద పడునో వారికి తెలియును. కావున ఈ చరిత్ర వట్టి కాలక్షేపమని నేను తలపను.

బల్లను త్రిప్పునది ఒక పళ్ళచక్రము. ఆ పళ్ళచక్రమును త్రిప్పునది దాని అంచును ఒరసికొని తిరుగు మరకడ్డీ. కార్ఖానాలలో వర్మ్ అందురు. ప్రత్తినుండి గింజలు వేఱుచేయుటకు మన దేశమున పూర్వము వాడిన కఱ్ఱ యంత్రమున రెండు రూళ్ళ చివరలను మరచుట్లుగా చెక్కి, ఒకదానిని త్రిప్పగా రెండవది ఎదురుదిక్కున తిరుగునట్లు చేసెడివారు. ఆ పనితనమును ఎఱిగినవారికి మరకడ్డీ సంగతి విశదమే. మరకడ్డీ ఒక చుట్టు తిరిగినచో చక్రము ఒక పన్ను కదలును. చక్రమునకు 90 పళ్ళున్నచో మరకడ్డీ 90 చుట్లు తిరిగినగాని చక్రమొక చుట్టు తిరుగదు. అనగా మరకడ్డీ చుట్టొకటికి చక్రము 4 భాగలు కదలును. ఈ నాలుగు భాగల లెక్కను జ్ఞాపకముంచుకొన గోరెదను. తరువాత దీనితో పనియున్నది.

మరకడ్డీచే కోణమును కొలువవచ్చునను ఊహను ఇంగ్లండున రాబర్టు హుక్కు 1674లో ప్రకటించెను. 1675లో గ్రీనిచ్‌లో వేధశాల స్థాపింపబడినది. అందలి మొదటి జ్యోతిష్కుడైన జాన్ ఫ్లామ్‌స్టీడు ఏడడుగుల సాధనమొకటి చేయించి, దాని అంచున పళ్ళు కోయించి, మరకడ్డీతో నడపెను. మరకడ్డీ ఎన్ని చుట్లు తిరిగెనో ఎంచినచో నక్షత్రముల నడిమి కోణము తెలియును. కొంతకాలము సరిగనే జరిగినది. పిమ్మట ఒరపిడిచే అరుగుదల కలిగెను. చుట్ల లెక్క చెప్పు కోణమొకటి, నిజమైన కోణము వేఱొకటి అయ్యెను. ఫ్లామ్‌స్టీడు అంచుమీద భాగల గీతలను వేఱుగ ఏర్పఱచి, మరలెక్కను గీతలతో సరిచూచుకొనవలసి వచ్చినది. త్రిప్పునది చెప్పు మాటను తిరుగునదానిని చూచి సరిపోల్చవలెనను నియమము నాటనుండి నేటివఱకు చెల్లుచునే యున్నది. అయినను నేటి యంత్రములు కొన్ని దానిని పాటింపవు. ఆ సంగతి చివర చెప్పెదను.

ఇక గీతల సంగతి. 1725లో జార్జి గ్రాహము గ్రీనిచ్ వేధశాలకై ఎనిమిది అడుగుల వ్యాసార్ధముగల పాదవృత్తమును గోడకు బిగింపజేసి, దానిమీద రెండు వరుసల గీతలు వేయించెను. ఒక వరుసలో 90 భాగములు, రెండవదానిలో 96. తొంబదికి బదులు తొంబదియాఱేల? వృత్తలేఖిని కాళ్ళను వ్యాసార్ధమంత విప్పి అంచుమీద పెట్టినచో సరిగా 60 భాగలు తెగును. దానిని సగము చేసిన 30. అటు తరువాత సగము, సగమునకు సగము అని పోయినచో 15, ఏడున్నర వచ్చునే గాని ఒక్క భాగ ఎన్నటికిని రాదు. ఎచ్చటనో మూడుగను అయిదుగను పంచియే తీరవలెను. తాడును సగమునకు మడచుట పసిపిల్లవాడును చేయగలడు. అయిదుగా మడచుమన్న పెద్దవారికిని తడబాటే. అందుచే గ్రాహము 60 భాగల తునుకను 64గను, 30 భాగల తునుకను 32గను సగములచేతనే పంచి రెండవ వరుస నేర్పఱచెను. ఒకే కోణమును రెండు వరుసలమీదను చదివి, లెక్కచే ఒకదానిని రెండవదానిలోనికి మార్చి పోల్చినచో, తప్పు ఏ గీతయొద్ద దాగియున్నదో బయటపడును. ఇద్దఱు సాక్షులను వేఱువేఱు గదులలో విచారించినట్టిదే యిది.

ఈ విద్యలో గ్రాహము తరువాత పేరుపొందినవాడు జాన్ బర్డు. ఇతడు మొదట నేతపనివాడు. గడియారపు ముఖముమీద గీతలు ఎడమెడముగా లేకుండుట చూచి సహింపలేక ఈ పనిలో దిగెనని చెప్పుదురు. బర్డు భయపడిన శత్రువు వేడిమి. ఇత్తడి చక్రమంతయు సమముగా వేడెక్కినచో దిగులు లేదు. అన్ని వైపుల సమముగా పెరుగును గనుక కోణములు చెడవు. బర్డు పొడవులను కొలబద్దమీద ఎత్తి చక్రముమీద దించెడివాడు. కొలబద్దకొక వేడి, చక్రమునకొక వేడి యున్నచో ఎత్తినది ఒకటి, దించినది ఒకటి యగును. ఎనిమిది అడుగుల ఇత్తడి ఒక సెంటిగ్రేడు వేడి పెరిగినంతనే మిల్లీమీటరులో ఇరువదవ వంతునకు దగ్గరగా సాగును. కాబట్టి గది చల్లగానున్న వేళనే ముఖ్యమైన గీతలు వేయుట, శరీరపు వేడి తగులునని గదిలోనికి ఎక్కువమందిని రానీయకుండుట ఆతని పద్ధతి. ఆతని విధానమును 1767లో అచ్చొత్తించిరి. ఇందుకై లాంగిట్యూడు బోర్డు, అనగా నడిసముద్రమున నావ యున్న చోటు తెలిసికొను ఉపాయములకు బహుమానములిచ్చు ప్రభుత్వ సంఘము, బర్డునకు 500 పౌనులిచ్చినది.

ఒక్కొక్క గీతను చేతితో వేయుచున్నంతకాలము మంచి సాధనములు రాజుల వేధశాలలకే గాని నావికులకు చిక్కవు. కోణమున ఒక కళ తప్పిన, భూమిమీద రమారమి రెండు కిలోమీటర్ల తప్పు. రాతితిన్నెలున్న తీరమున రెండు కిలోమీటర్లనగా నావకును రేవునకును గల భేదము కాదు. బ్రదుకునకును చావునకును గల భేదము. ఈ కొఱతను తీర్చినవాడు జెస్సీ రామ్స్‌డెను. 1735లో హాలిఫాక్సు ప్రాంతమున పుట్టి, మొదట బట్టల పని నేర్చి, పిమ్మట లండను చేరి సాధనములు చేయువాడయ్యెను. చక్రములను విభజించుటకు ఆతడు ఒక చక్రమునే యంత్రముగా నిర్మించెను. ఆతని రెండవ యంత్రము 1770 తరువాతి కొలదియేండ్లలో పూర్తియయ్యెను; దాని వర్ణనము 1777లో ప్రకటింపబడెను.

ఆ యంత్రమున 45 అంగుళముల అడ్డుకొలతగల కంచు చక్రమొకటి పడుకొనియుండును. దాని అంచున 2160 పళ్ళు. మరకడ్డీ ఆఱు చుట్లు తిరిగినచో చక్రము సరిగా ఒక భాగ కదలును. మరకడ్డీ తలను మరల 60గా పంచిరి గనుక ఒక్కొక్క గుర్తునకు 10 వికళలు. కాలితో తొక్కినచో కావలసినంత కదలి నిలుచును. పైన బిగించిన నావికుని సాధనముమీద గీత గీయుటయే మిగిలిన పని. ఇంత వఱకు యుక్తి. కాని ఆ 2160 పళ్ళను మొదట సమముగా కోసినదెట్లు? రామ్స్‌డెను గొప్పతన మచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

ఆతడు చక్రమును ముందుగా 5గా పంచెను. ఒక్కొక్కదానిని మూడుగా పంచెను. అప్పుడు తునుకకు 144 పళ్ళ చోటు వచ్చినది. దానిని నాలుగుమారులు సగము చేయగా 72, 36, 18, 9. కాని అయిదుగను మూడుగను పంచుటలో చేయి తప్పియుండునేమో యని ఆతనికే అనుమానము. తనమీద తాను అనుమానపడువాడే ఈ పనికి తగును. కావున మఱియొక వృత్తమును గీసి, 1080, 540, 270, 135 అని సగములచేతనే పంచుకొనుచు పోయి, రెండింటిని ఒకదానితో నొకటి సరిచూచెను. పిదప మరచుట్లకు అడ్డముగా గాడులు కోసి, అదియే ఆకురాయివలె కోయునట్లు చేసిన మరకడ్డీని అంచునకు ఆనించి త్రిప్పెను. మొదటి మూడు చుట్లలో ప్రతి తొమ్మిది పళ్ళకు ఒకమారు గుర్తుతో సరిచూచుకొని కోసెను. తరువాత గుర్తులను చూచుట మాని, మరకడ్డీని విడదీయక, ఒకే దిక్కున సుమారు 300 మార్లు చక్రమును త్రిప్పుచు పళ్ళను పూర్తిచేసెను.

ఏల? మరకడ్డీకి ఒకేమారు అనేకములైన పళ్ళతో స్పర్శ యుండును. ఒక పన్ను లావైనచో దానిని హెచ్చుగా కొఱుకును; ఇఱుగుపొఱుగు పళ్ళు దానిని అటునిటు లాగి సర్దును. మూడువందల మార్లు తిరుగునప్పటికి చక్రములోని తప్పులు చక్రమంతట పంచుకొని పలుచబడును. చక్రమునకు మొదలును తుదియు లేవు. 360 భాగలకు మించి ఒక వికళయైన హెచ్చింపను తగ్గింపను వీలులేదు. ఒకచోట హెచ్చు ఉన్నచో మఱియొకచోట అంతే తక్కువ ఉండియే తీరవలెను. ఇందుచేతనే చక్రమును బయటి కొలతతో పనిలేక చక్రముచేతనే సరిచేయవచ్చును. గజముబద్దకు ఈ భాగ్యము లేదు.

లాంగిట్యూడు బోర్డు రామ్స్‌డెనునకు బహుమానముగా 300, యంత్రమునకు 315, మొత్తము 615 పౌనులిచ్చి, ఒక నిబంధన విధించినది. ఇతరులు తెచ్చిన సెక్స్‌టెంటులను ఆఱు షిల్లింగులకును ఆక్టెంటులను మూడు షిల్లింగులకును విభజించి ఇయ్యవలెను. పనిని పదుగురికి నేర్పవలెను. విద్యను దాచుకొననీయని ఈ నిబంధన నాకు యంత్రముకంటెను మిక్కిలి నచ్చినది. ఆ యంత్రము ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థవారి యొద్ద భద్రముగా నున్నది.

తరువాతివాడు ఎడ్వర్డు ట్రౌటను. ఇతని ఆలోచన వేఱుదారి పట్టినది. తప్పులేకుండ గీయుటకు ప్రయాసపడుటకంటె, ముందు తప్పుగనే గుర్తులు పెట్టి, ఏ గుర్తు ఎంత తప్పెనో కొలిచి, పట్టిక వ్రాసికొని, ఆ పట్టికను చూచి నిజమైన గీతలు వేయరాదా యని. చక్రపు అంచునానుకొని దొర్లు చిన్న దిమ్మెను ఏర్పఱచి, చక్రమొక చుట్టు తిరుగునప్పటికి అది 16 చుట్లు తిరుగునట్లు చేసి, దిమ్మెను 16గా పంచి, చక్రముమీద 256 చుక్కలు పెట్టెను. ఆపై రెండు సూక్ష్మదర్శినులను ఎదురెదురుగా నిలిపి, మొదట అర్ధచక్రమును అర్ధచక్రముతోను, పిదప పాదమును పాదముతోను పోల్చుచు, ఒక్కొక్క చుక్క తప్పును లెక్కగట్టెను. ఈ విధానమును 1809లో రాయల్ సొసైటీవారు ప్రకటించి ఆతనికి కోప్లే పతకమిచ్చిరి. నేటి యంత్రముల మెదడులో దాచియుంచు దిద్దుబాటు పట్టికకు తాత ఈ పట్టికయే.

ఇది లండను నగరపు పని. అచ్చట విలియం కేరీ చేసిన చక్రమొకటి మన దక్షిణదేశమునకు వచ్చిన వృత్తాంతమును ఇక చెప్పెదను.

విలియం లాంబ్టను 1802 ఏప్రిలు 10వ తేదీన మదరాసు సెయింటు థామసు కొండయొద్ద ఆధారరేఖను కొలుచుట ప్రారంభించి, దేశమును త్రిభుజములుగా కొలుచు మహాకార్యమునకు పూనుకొనెను. ఆతని పెద్ద థియొడలైటు చక్రము అడ్డుకొలత మూడడుగులు. మొత్తము బరువు అర టన్ను. అది సముద్రముమీద వచ్చునప్పుడు ఫ్రెంచివారి యుద్ధనావకు చిక్కి మారిషస్ చేరి, ఆ పిమ్మట వారి అధికారి మర్యాదతో తిరిగి పంపగా మదరాసునకు వచ్చినది. శత్రువు చేతినుండి క్షేమముగా వచ్చినది, 1808లో తంజావూరున ఆలయ గోపురముమీదికి ఎత్తుచుండగా త్రాడు తెగి గోడకు కొట్టుకొనెను. దెబ్బకు చక్రము వంకరపోయెను. క్రొత్తది తెప్పింపవలెనన్న ఇంగ్లండునుండి రావలెను. అందాక పని నిలిచిపోవును.

లాంబ్టను దానిని తిరుచిరాపల్లికి చేర్చి, డేరాలో కూర్చుండి, సాధనమును పూర్తిగా విప్పదీసెను. పెద్ద పలకమీద చక్రముండవలసిన కొలతకు సరిగా గుండ్రని వృత్తమును కోయించి, బందులతోను మరలతోను కప్పీలతోను వంకరపోయిన అంచును కొంచెము కొంచెముగా లాగి ఆ వృత్తమునకు కుదిర్చెను. వంగిన ఆకులను చిన్న కొయ్యసుత్తులతో తట్టి సరిచేసెను. ఇట్లు ఆఱు వారములు పట్టినది. బండిచక్రమునకు కమ్మి వేయు కమ్మరి ఓర్పును చూచినవారికి ఆ డేరాలోని పని కొంత ఊహకు రాగలదు. 1811లో గుత్తి ప్రాంతమున మఱియొక ఆధారరేఖను కొలిచిరి. పిదప పని నిజాము రాజ్యములోనికి సాగెను. జార్జి ఎవరెస్టు సహాయకుడుగా వచ్చి లాంబ్టనును కలిసినది హైదరాబాదుననే. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో చలిజ్వరములకు లోనై ఎవరెస్టు ప్రాణముమీదికి తెచ్చుకొనెను. లాంబ్టను 1823 జనవరి 20న హింగన్‌ఘాటున మరణించెను.

ఒకమారు వంకరపోయిన చక్రము ఎంత సరిచేసినను పూర్వపుది కాదు. ఎవరెస్టు దీనికొక ఉపాయమును నియమముగా పాటించెను. ఒకే కోణమును చక్రములోని ఒకే తావున మాటిమాటికి కొలువక, చక్రమును కొంచెము కొంచెము జరపి, వేఱువేఱు గీతలనుండి ఆరంభించి కొలుచుట. కొండలు కదలవు, చక్రము కదలినది. కొలత మారినచో తప్పు చక్రముది. అన్ని తావుల కొలతలను కలిపి సగటు తీసినచో చక్రపు తప్పులు చాలవఱకు ఒకదాని నొకటి కొట్టివేసికొనును.

ఈ ఘట్టమున ఆర్కాటువాడైన సయ్యదు మీర్ మొహసిన్ హుసేనును స్మరింపకుండుట న్యాయము కాదు. మదరాసున నగల దుకాణములో పనిచేయుచుండగా ఆతని చేతిపని సర్వేయరు జనరలు బ్లాకరు కంటబడి, కలకత్తా చేరెను. 1830లో ఇంగ్లండునుండి వచ్చిన హెన్రీ బారోయొద్ద సాధనముల పనిలో నుండి, బారో వెళ్ళిన తరువాత పెద్ద సాధనముల చక్రములను మరల విభజించు పనిని తన చేతిమీదుగా నడిపెను. 1843లో కంపెనీవారి సాధన నిర్మాతగా నియమితుడయ్యెను. ఎవరెస్టు ఇతరులను సులభముగా మెచ్చుకొనువాడు కాడు, ఈతనిని మెచ్చుకొనెను. కొండకు దొరపేరు మిగిలినది. చక్రమును పంచినవాని పేరు మన పాఠ్యపుస్తకములలో కనబడదు.

ఇక నేటి కాలమునకు వచ్చెదను. సంఖ్యలు చెప్పి లోహపుకోత యంత్రమును నడుపుటను అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు 1952లో ప్రదర్శించిరి. ఇప్పటి సి.ఎన్.సి. యంత్రములు దాని సంతతి. వీనిలో బల్లను త్రిప్పుటకు నేటికిని పలుచోట్ల మరకడ్డీ, పళ్ళచక్రములే.

కొన్నియేండ్ల క్రిందట హైదరాబాదు వెలుపలనున్న ఒక కార్ఖానాకు నన్ను పిలిపించిరి. పేరుతో పనిలేదు. పంపు దిమ్మెలకు నాలుగు ముఖములందును రంధ్రములు తొలుచు యంత్రమది. ఒక ముఖము తొలిచి, బల్లను 90 భాగలు త్రిప్పి రెండవది, మరల త్రిప్పి మూడవది. మొదటి ముఖమును మూడవ ముఖమును ఒకదానికొకటి సరిగనే యుండెను. రెండవదియు నాలుగవదియు 300 మిల్లీమీటర్ల పొడవున 0.03 మిల్లీమీటరు ప్రక్కకు పోవుచుండెను. అనగా సుమారు 20 వికళల తప్పు. నెలరోజులుగా దిమ్మెలు తిరస్కరింపబడుచున్నవి. యంత్రముయొద్దనుండు కుఱ్ఱవాడు ముక్కను సరిగా బిగించుట లేదని నిర్ణయించి, ఆతనికి రావలసిన ప్రోత్సాహక ధనము నిలిపి, ఇనుపరజను ఊడ్చు పనికి మార్చియుండిరి. పాలమూరు ప్రాంతపు పల్లెనుండి వచ్చినవాడు. “అయ్యా, నేను బిగించిన తీరును మీరే చూడుడు” అని మాత్రమనెను.

చూచుటకు ముందే నాకు నమ్మకము కలిగినది. నాలుగు ముఖములను ఒకే బిగింపులో తొలిచినప్పుడు, బిగింపు వంకరైనచో నాలుగును కలిసి వంకరపోవలెను. రెండు మాత్రమే పోవుటకు బిగింపు కారణము కాజాలదు. ఈ పాటి ఆలోచన నెలరోజులలో ఎవరికిని తోచలేదా యని నాకు కోపము వచ్చెను.

ఇంకొక చిక్కు. తనిఖీదారుడొకడు యంత్రపు దిద్దుబాటు పట్టికలో 90, 270 భాగలయొద్ద 20 వికళల సర్దుబాటు వ్రాసియుంచెను. దానితో నాలుగు ముఖములును సరిపోయెను, అందఱును సంతోషించిరి. పై వారము 60 భాగలకొక ముఖము చొప్పున ఆఱు ముఖములుగల దిమ్మె రాగా, అది చెడిపోయినది. ఇప్పుడు మీరు జ్ఞాపకముంచుకొన్న లెక్కను తీయుడు. మరకడ్డీ చుట్టునకు 4 భాగలు. 180 భాగలకు 45 చుట్లు, సరిగా నిండు చుట్లు. 90 భాగలకు ఇరువదిరెండున్నర. అర చుట్టు మిగులును. 60 భాగలకు 15, మరల నిండు చుట్లు. తప్పు అర చుట్టు మిగిలినప్పుడు కనబడుచు, నిండు చుట్లయొద్ద మాయమగుచున్నది. 60 భాగలయొద్ద తప్పు లేనేలేదు. పట్టిక 0 నుండి 90 వఱకు దిద్దుబాటును మెల్లమెల్లగా పంచును గనుక అచ్చట లేని రోగమునకు 13 వికళల మందు వేసెను. ట్రౌటను పట్టిక మంచిదే. కాని ఆతడు చక్రము స్థిరముగా నుండగా 256 చోట్ల కొలిచి వ్రాసెను. రెండు చోట్ల చూచి మిగిలినది ఊహింపలేదు.

పట్టికను తుడిచివేయించి పరీక్షించితిని. బల్లను ఒకే దిక్కునుండి తెచ్చినను, ఎదురుదిక్కునుండి తెచ్చినను తప్పు మారలేదు గనుక పళ్ళ నడుమ వదులు, పనివారు బ్యాక్‌లాష్ అనునది, కారణము కాదు. బల్లను పట్టు బ్రేకు బిగియునప్పుడు అంచున సూచిక కదలలేదు. తిరుగు కేంద్రము యంత్రమునకు తప్పుగా చెప్పబడెనేమో యని బల్లను 180 భాగలు త్రిప్పి చూచితిని. కేంద్రము తప్పినచో ఆ తప్పు రెండింతలై కనబడవలెను, అదియు లేదు. వేడిమియు కాదు, తెల్లవాఱుజామునను మధ్యాహ్నమునను ఒకటే తప్పు.

అప్పుడు 12 ముఖముల అద్దపు దిమ్మెను బల్ల నడుమ నుంచి, ముప్పదేసి భాగలు త్రిప్పుచు, అద్దమునుండి మరలివచ్చు వెలుగును చదివితిమి. కుఱ్ఱవాడు అంకెలు వ్రాసెను. ఒకటి హెచ్చు, ఒకటి తక్కువ, మరల హెచ్చు, మరల తక్కువ, పండ్రెండును అట్లే. అద్దమును బల్లమీద ఒక ముఖము జరపి మరల చదివితిమి. హెచ్చుతగ్గులు అద్దముతో జరుగలేదు, బల్లతో నిలిచినవి. తప్పు అద్దముది కాదు, బల్లది. ఇది ఎవరెస్టు ఉపాయమే. పిదప 0 నుండి గాక 1 భాగనుండి ఆరంభించితిమి, హెచ్చుతగ్గులు మాయమయ్యెను. 2 భాగలనుండి ఆరంభింపగా మరల వచ్చినవి, కాని హెచ్చున్నచోట తక్కువ, తక్కువ యున్నచోట హెచ్చు. నాలుగు భాగలకొకమారు లేచి పడు అల యది. బల్లలో నాలుగు భాగలకొకమారు తిరుగునది ఒక్కటే, మరకడ్డీ.

విప్పి చూడగా మరకడ్డీ చివర ఒత్తిడిని మోయు బేరింగు గాయపడి, కడ్డీ చుట్టొకటికి ఒకమారు ముందునకు వెనుకకు ఊగుచున్నది. రోజువారీ పుస్తకమును తిరుగవేసితిమి. ఆఱు వారములకు పూర్వము రాత్రివంతులో పనిముట్టు బల్లను గ్రుద్దుకొన్నట్లు ఒక పంక్తి యున్నది. ఆ రాత్రి ఈ కుఱ్ఱవాడు పనిలో లేడు. గ్రుద్దుకొన్న పిమ్మట బల్లను కొలిచి చూచినవారు లేరు. కోణమును చదువు కన్ను మోటారుకు బిగించియున్నది గాని బల్లకు లేదు. మోటారు సరిగా తిరిగెను గనుక బల్లయు సరిగా తిరిగెనని యంత్రము నమ్మినది. ఫ్లామ్‌స్టీడు మరకడ్డీయొద్ద పడిన చిక్కునకు ఇది చుట్టమే.

బేరింగు మార్చినపిదప అల 3 వికళలకు తగ్గెను. కుఱ్ఱవానిని మరల యంత్రముయొద్ద నిలిపిరి. నిలిపిన పైకము సంగతి నేను అడుగగా ఆ యేటి లెక్కలు మూసివేసితిమని చెప్పిరి. నేను రెండుమార్లు ఉత్తరము వ్రాసితిని, బదులు రాలేదు. ఆతడు అద్దపు దిమ్మెను ఎరువు తెచ్చుకొని నెలకొకమారు బల్లను చదువుచు, ఆ యంకెల కాగితమును తేదీతో యంత్రపు తలుపు లోపలిప్రక్క అంటించుచున్నాడు.